పలక మీద లేని బిళ్ళ

విశాఖపట్నంలో మేం శిక్షణ పొందే చోట వెనకవైపు ఒక రేకుల షెడ్డు ఉంది. బయటి నుంచి చూస్తే రైసు మిల్లనుకుంటారు. లోపల మాత్రం జలాంతర్గామిలోని ఒక గదిని ఉన్నదున్నట్టు ఇనుముతో కట్టి పెట్టారు. అవే గొట్టాలు, అవే వాల్వులు, అదే మందపాటి తలుపు. ఆ గదిలోకి నీళ్ళు వదులుతారు. కొందరు లోపల నిలబడి, పగిలిన గొట్టాలకు చెక్కలూ గుడ్డలూ దిగ్గొట్టి నీళ్ళు ఆపాలి. ఒకడు బయట తలుపు దగ్గర ఆఫీసరుగా నిలబడాలి. గోడ మీద గీసిన ఎర్ర గీత దాకా నీళ్ళు వచ్చాయంటే ఆ ఆఫీసరు తలుపు మూసెయ్యాలి. లోపల ఎవరున్నా సరే, మూసెయ్యాలి.

అణు జలాంతర్గామి ఆఫీసరు కావడానికి నేర్చుకోవలసిన వంద సంగతుల్లో ఇదొకటి. మిగతా తొంభై తొమ్మిదీ నాకు బాగానే వచ్చాయి. రియాక్టరు పాఠాల్లో మొదటి ముగ్గురిలో ఉన్నాను. కళ్ళకు గంతలు కట్టి వదిలినా ఏ వాల్వు ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగలిగేవాణ్ణి. మా బ్యాచ్‌లో హర్యానా నుంచి వచ్చినతను ఒకడున్నాడు, ఆరడుగుల మనిషి, అందరం పహిల్వాన్ అనేవాళ్ళం. రెండో వారంలోనే అతను గోడలు మీదికొస్తున్నాయని నిద్రలో అరిచాడు. పక్క మంచం మీద నేను హాయిగా గుర్రు పెట్టాను. గోదావరిఖనిలో బొగ్గు పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి కిటికీల్లేని గది ఒక లెక్కా అని కొంచెం పొగరు కూడా ఉండేది. దాచుకోవడం దేనికి.

ఏప్రిల్‌లో తలుపు దగ్గర నా వంతు వచ్చింది. పద్ధతి సులువే. లోపలికి వెళ్ళేవాడు తన పేరున్న బిళ్ళను తలుపు పక్కన పలకకు తగిలించి వెళతాడు, బయటికి వచ్చాక తీసుకుంటాడు. ఆ పూట ఆరుగురు వెళ్ళారు. ఆరుగురూ వచ్చారు. పలక ఖాళీ. నీళ్ళు ఎర్ర గీతను తాకాయి. నేను తలుపు మూసి చక్రం బిగించాను. ఇన్‌స్ట్రక్టరు గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు తలుపు అవతలి నుంచి చప్పుడు వచ్చింది. ఠంగ్… ఠంగ్… ఠంగ్.

మూడు దెబ్బలు. మధ్యలో ఒకే ఎడం. తొందర లేదు, భయం లేదు. పని తెలిసిన మనిషి కొట్టినట్టుంది. నా చేతులు వాటంతట అవే చక్రాన్ని వెనక్కి తిప్పేశాయి.

తలుపు తెరుచుకుంటే నీళ్ళు తప్ప ఎవరూ రాలేదు. నడుము దాకా తడిసి వెర్రివాడిలా నిలబడ్డాను. ఇన్‌స్ట్రక్టరు కేరళ ఆయన, గొంతు పెంచని మనిషి. నిజం ఓడలో అయితే ఇప్పటికి ఓడంతా పోయేదని మెల్లగా చెప్పి, నా కాగితం మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు. ఎవరైనా ఆ చప్పుడు విన్నారా అని అడిగాను. ఎవరూ వినలేదట. నెలాఖరు దాటాక ఇంకొక్క అవకాశం ఇస్తారు, అదీ పోతే జలాంతర్గామి మాట మరిచిపోయి ఒడ్డు మీద ఏదో ఆఫీసులో కూర్చోవడమే. మే నెలలో నాలుగు రోజులు ఇంటికి వెళ్ళి మనసు కుదుట పరుచుకుని రమ్మన్నారు.

నా మనసుకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. ఆ మూడు దెబ్బలకు అర్థం కూడా తెలుసు. అది నౌకాదళం భాష కాదు. మా నాయిన భాష.

మా నాయిన సదయ్య ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గుబాయి మీద హాలర్ డ్రైవరు. మా వైపు గనిని బాయి అంటారు. భూమిలోకి ఏటవాలుగా దిగే సొరంగం, దాంట్లో ఇనప తాడుకు కట్టిన మనుషుల బండి, పైన ఆ తాడును లాగే హాలర్ ఇంజిన్. కిందివాళ్ళు డ్రైవరుకు కనపడరు. అందుకని సొరంగం పొడవునా ఒక తీగ ఉంటుంది, దాన్ని లాగితే పైన గంట మోగుతుంది. ఒక్క దెబ్బ అంటే ఆపమని, రెండంటే దింపమని. మూడు కొడితే మనుషులం ఎక్కుతున్నాం అని. మూడు వినగానే డ్రైవరు తిరిగి మూడు కొట్టాలి. ఆ జవాబు వినపడేదాకా కింద ఒక్కడు కూడా బండిలో కాలు పెట్టడు. ప్రాణాల మీదికి వచ్చినా పెట్టడు.

నాకీ భాష నేర్పింది మా లింగమూర్తి కాక, నాయిన తమ్ముడు. అదే బాయిలో లోపల పని చేసేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు, ఉన్న ముద్దంతా నా మీదే. అన్నం తినేటప్పుడు కాక పళ్ళెం మీద మూడు కొట్టేవాడు, నేను మూడు కొడితేనే ఆయన ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఒక్కోసారి ఏడిపిద్దామని నేను కొట్టేవాణ్ణి కాదు. చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని నవ్వుతూ ఎంతసేపైనా ఉండేవాడు. నాకు గోదావరిలో ఈత నేర్పిందీ, పేపరులో నౌకాదళం ప్రకటన కత్తిరించి నా లెక్కల పుస్తకంలో పెట్టిందీ ఆయనే. మేం భూమి కిందికి పోతున్నం, నువ్వు నీళ్ళ కిందికి పో, అందరం గాలి లేని కాడనే బతుకుదాం అని వేళాకోళం ఆడేవాడు.

పన్నెండేళ్ళ కింద బాయిలో నిప్పు లేచింది. బొగ్గు దానంతట అదే రాజుకోవడం అక్కడ మామూలే. అందరినీ పైకి రప్పించి, గాలి ఆడకుండా సొరంగం లోపల గోడ కట్టేశారు. కాక గోడకు అవతల ఉండిపోయాడు. అది తెల్లవారి దీపాల గదిలో ఒక టోపీ లైటు తక్కువ వచ్చినప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. అప్పటికి ఆ గోడ తీస్తే ఊరంతా అంటుకుంటుందన్నారు. ఆయన శవం కూడా మాకు దక్కలేదు.

దానికన్నా పెద్ద దెబ్బ విచారణ కాగితం. బాయి నోటి దగ్గర కూడా మా శిక్షణ షెడ్డులో లాంటి పలకే ఉంటుంది, అలాంటి బిళ్ళలే. దిగేవాడు తగిలించాలి, పైకి వచ్చినవాడు తీసుకోవాలి. ఆ రోజు పలక మీద కాక బిళ్ళ లేదు. కాబట్టి అందరితో పాటు పైకి వచ్చాడని, రాగి తీగ దొంగతనానికి గాలి సొరంగంలోంచి మళ్ళీ దిగాడని రాశారు. నేనప్పుడు పదో తరగతి. బడిలో నన్ను రాగితీగ అని పిలిచేవాళ్ళు. కాక భార్య సారవ్వ చిన్నమ్మ నీళ్ళకు వస్తే నల్లా దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్ళు. ఆమె ఏ రోజూ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

రామగుండం స్టేషన్లో దిగేసరికి పొద్దున తొమ్మిదికే ఎండ చుర్రుమంటోంది. ఆటో ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల పక్క నుంచి వెళ్ళింది. పాత బాయిలన్నీ మూసి, ఇప్పుడు భూమిని పైనుంచే పొరలు పొరలుగా తవ్వి బొగ్గు తీస్తున్నారు. మా బాయి ఉన్న గుట్ట దాకా తవ్వకం వచ్చేసింది. నాయిన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, ఒక రేకుల ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. అమ్మ పోయి ఆరేళ్ళు. గోడకు అవతలి రెండు గదుల్లో చిన్నమ్మ ఉంటుంది, బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. రెండు వాటాలకూ కలిపి ఒకటే నీళ్ళ గొట్టం.

నాయిన బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి సంతోషించాడు గానీ, కళ్ళు నా మీద నిలవడం లేదు. మధ్యాహ్నం తిన్నాక గడియారం చూడటం మొదలు పెట్టాడు. మూడు దాటాక ఒక స్టూలు తీసుకెళ్ళి స్నానాల గదిలో, నీళ్ళ గొట్టం పక్కన వేసుకుని కూర్చున్నాడు. నన్ను ముందు గదిలోనే పడుకొమ్మన్నాడు. నలభై ఆరు డిగ్రీల ఎండలో ఆ రేకుల కింద స్టూలు వేసుకుని ఏం చేస్తాడో అర్థం కాక తలుపు చాటున నిలబడ్డాను.

మూడున్నరకు సైరను మోగింది. తర్వాత ఓపెన్‌కాస్టులో మందు పేలింది. ఇల్లంతా ఒక్కసారి ఊగింది, గిన్నెలు గలగలమన్నాయి, పైనుంచి సన్నటి దుమ్ము రాలింది. కరెంటు పోయి కూలరు ఆగింది. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు. ఆ నిశ్శబ్దంలో ముందు ఒక వాసన వచ్చింది. మందు వాసన కాదు. తడి బొగ్గు, కుళ్ళిన కట్టె, ఎన్నాళ్ళుగానో కదలని గాలి… చిన్నప్పుడు కాక డ్యూటీ దిగి వచ్చి నన్ను ఎత్తుకుంటే ఆయన మెడ దగ్గర ఉండే వాసన.

గొట్టం మీద చప్పుడైంది.

ఠంగ్… ఠంగ్… ఠంగ్.

అదే ఎడం. అదే చెయ్యి. నాయిన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించి బిగించుకున్నాడు, ఎక్కడ తప్పించుకుని పోతాయో అన్నట్టు. ఒక నిమిషం గడిచింది. మళ్ళీ మూడు. ఈసారి కొంచెం మెత్తగా, బతిమాలినట్టు. తర్వాత ఏమీ లేదు. కరెంటు వచ్చింది. కూలరు తిరిగింది.

“ఏంది నాయినా అది?” అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. “మీ కాక,” అన్నాడు.

తవ్వకం గోడ వైపు వచ్చినప్పటి నుంచి, అంటే దసరా పోయినప్పటి నుంచి, రోజూ వస్తోందట. పేలుడు అయ్యాక రెండుసార్లు. నాకు విశాఖలో తలుపు దగ్గర వినిపించిన సంగతి చెప్పాను. నాయిన విని గోడకు తల ఆనించాడు. తర్వాత పన్నెండేళ్ళుగా మింగిన దాన్ని కక్కాడు.

బిళ్ళలతో బాయి మీద ఒక అలవాటు ఉండేది. షిఫ్టు దిగితే పలక దగ్గర తోపులాట, లైను, బస్సు దొరకదు. అందుకని ముందు పైకి వచ్చినవాడు తన మనుషుల బిళ్ళలు కూడా తీసి జేబులో వేసుకునేవాడు. అన్న బిళ్ళ తమ్ముడు, బావ బిళ్ళ బావమరిది. తప్పే, కానీ అందరూ చేసేదే. హాలర్ ఇంజిన్ పలక పక్కనే కాబట్టి రోజూ కాక బిళ్ళ నాయినే తీసేవాడు. కాక చివరి బండికి వచ్చి, లైటు ఇచ్చి తిన్నగా బస్సుకు పరుగెత్తేవాడు. నిప్పు లేచిన రోజు కూడా సైరను విన్న హడావుడిలో నాయిన చెయ్యి అలవాటుగా పలక మీదికి పోయింది. కాక బిళ్ళ తీసింది. పలక ఖాళీ అయింది. లోపల ఎవరూ లేరని గోడ మొదలు పెట్టారు.

“గోడ ఆఖరి వరుస కడుతున్నరు,” అన్నాడు నాయిన. “నేను ఇంజిన్ మీద కూసున్న. గంట మోగింది. మూడు. మేనేజరు సారు పలక దిక్కు చూసిండు. ఖాళీ. వేడికి తీగ సాగి మోగుతున్నదయ్యా అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“అవ్ సారూ అన్న.”

ఆయనే మళ్ళీ చెప్పాడు. తమ్ముడు బస్సెక్కి ఇంటికి పోయి ఉంటాడని తనకు తాను చెప్పుకున్నాడట. ఒకవేళ కాకపోతే, బిళ్ళ తీసిన సంగతి చెప్పాలి, చెబితే ఉద్యోగం ఆ క్షణమే పోతుంది. ఆ ఏడాదే నన్ను హైదరాబాదులో చదివించాలని అనుకున్నారు. పది నిమిషాల సేపు గంట మోగుతూనే ఉందట. మూడు, ఆగి మళ్ళీ మూడు. లోపలున్నవాడికి ఇంజిన్ మీద ఎవరున్నారో తెలుసు. అందుకే అంత ఓపికగా కొట్టాడు. ఇంటికి వస్తే గడపలో చిన్నమ్మ నిలబడి ఉంది. మీ తమ్ముడేడి బావా అని అడిగింది.

మా నాయిన మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఆ కాలరు పట్టుకుని ఊపేద్దామనిపించింది. ఆ డబ్బుతో, ఆ ఉద్యోగంతో చదువుకున్నది నేనే కాబట్టి ఊపలేకపోయాను. మరి ఇప్పుడైనా తిరిగి మూడు ఎందుకు కొట్టవు అని మాత్రం అడిగాను. నాయిన నన్ను మొదటిసారి సూటిగా చూశాడు.

“కొడితే ఎక్కుతడు గదరా,” అన్నాడు మెల్లగా. “ఎక్కి వస్తే, ఏ మొఖం పెట్టుకొని చూడాలె?”

పొద్దుగూకక ముందే చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె ముందు నిలబడి ఎలా మొదలు పెట్టాలో తెలియక నీళ్ళు నమిలాను. ఆమె గిన్నెలో సర్వపిండి రొట్టె తడుతోంది, నాకిష్టమని. బిళ్ళ మీ నాయిన తీసిండని చెప్పడానికొచ్చినవా అంది, గిన్నె మీద నుంచి చెయ్యి తియ్యకుండానే. ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. నా బిళ్ళ అన్న తీస్తడు, నాకేం ఫికర్ అని కాక రోజూ ఇంట్లో చెప్పేవాడట. విచారణలో ఎందుకు చెప్పలేదని అడిగితే, నావైపు చూసింది. నా చదువు ఆగిపోతుందని. కాక కత్తిరించిన ఆ పేపరు ముక్క కోసం ఆమె పన్నెండేళ్ళు దొంగ పెళ్ళాం అనిపించుకుంది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. రోజూ గొట్టం మీద రెండోసారి వచ్చే మూడు దెబ్బలు కాక కొట్టేవి కావట. ఆమె కొట్టేవట, రోకలి చివరి ఇనప పొన్నుతో.

“ఆయన అడుగుతనే ఉన్నడు, ఎవలో ఒకలు జవాబియ్యాలె గదా అని నేను కొడుతున్న,” అంది. “నేను కొడితే ఎక్కుతలేడు బిడ్డా. ఇంజిన్ మీదోళ్ళే కొట్టాలె. మీ నాయినకు చెప్పు. ఒక్కపారి కొట్టుమను. నేనేమి అనను.”

మర్నాడు మూడు గంటలకు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. స్నానాల గదిలో నాయిన స్టూలు మీద, ఆమె గడప మీద, నేను నిలబడి. నాయిన చేతిలో ఒక స్పానరు పెట్టాను. సైరను మోగింది. పేలింది. దుమ్ము రాలింది. కరెంటు పోయింది. ఆ వాసన వచ్చింది, నిన్నటికన్నా దగ్గరగా…

ఠంగ్… ఠంగ్… ఠంగ్.

నాయిన స్పానరు ఎత్తాడు. చెయ్యి గొట్టానికి జానెడు దూరంలో ఆగిపోయింది. చూస్తూ ఉన్నాం. చెమట కారి మోచేతి నుంచి చుక్కలు పడుతున్నాయి. “కొట్టు బావా,” అంది చిన్నమ్మ గుసగుసగా. ఆ చెయ్యి కదల్లేదు. పన్నెండేళ్ళ కింద ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. ఇంకొంచెంసేపైతే కరెంటు వచ్చేస్తుంది, మళ్ళీ ఒక రోజు పోతుంది… నేను స్పానరు లాక్కున్నాను. కొట్టాను.

ఒకటి… రెండు… మూడు.

మొదట ఏమీ లేదు. తర్వాత గొట్టం సన్నగా మూలిగింది. బరువు పడిన ఇనప తాడు అలాగే మూలుగుతుంది. “ఎక్కిండు,” అన్నాడు నాయిన. అక్కడ లేని ఇంజిన్ హ్యాండిలును ఆయన కుడి చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగుతోంది. కాళ్ళ కింద నేల అదిరింది. ఏదో బరువుగా, నిదానంగా, కిందినుంచి పైకి వస్తోంది… దగ్గరికి వచ్చింది… సరిగ్గా మా కాళ్ళ కిందికి వచ్చింది. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అది ఆగలేదు. ఇంటి కింద నుంచి అలాగే సాగిపోయింది. తూర్పు గోడ కింద చప్పుడు సన్నగిల్లి, వినపడకుండా పోయింది. కూలరు తిరగడం మొదలైంది.

ఆ సాయంత్రం చిన్నమ్మ బియ్యం ఎక్కువ పోసి వండింది. ఇద్దరికి వడ్డించి, తలుపు తీసి పెట్టి, గడపలో కూర్చుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. మొదటి షిఫ్టు వాళ్ళు ఎప్పుడో ఇళ్ళకు చేరారు, రెండో షిఫ్టు బస్సు కూడా వెళ్ళిపోయింది. ఎవరూ రాలేదు. నాయిన లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కంచంలో అన్నం ఎండిపోయింది. తర్వాతి రెండు రోజులూ పేలుడు అయ్యాక గొట్టం మీద ఏ చప్పుడూ లేదు.

బయలుదేరే రోజు చిన్నమ్మ నా తల నిమిరింది. మనిషి ఒకేసారి ముసలిదైపోయినట్టుంది. “ఎవలు పిలిస్తే వాళ్ళ దిక్కే పోతరు బిడ్డా,” అంది. “నువ్వు పిలిచినవ్. వస్తే నువ్వన్న ఆయన్ని బయట నిలబెట్టకు.”

నిలబెట్టనని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

విశాఖ వచ్చిన నాలుగో రోజు నన్ను తలుపు దగ్గరికి పిలిచారు. పొద్దున పది గంటలు. షెడ్డు బయట ఎండ, లోపల నీళ్ళ మోటార్ల రొద. ఈసారి పరీక్ష వేరే రకం. పహిల్వాన్, ఇంకో ఇద్దరు లోపలికి వెళతారు. వాళ్ళు బయటికి రాకముందే నీళ్ళు గీతను తాకుతాయి. వాళ్ళ మీదే నేను తలుపు వెయ్యాలి. పదకొండు నిమిషాలు తియ్యకూడదు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చి ఆగిపోతాయని, లోపల గాలి ఉందని అందరికీ తెలుసు. అయినా మూసేవాడి చెయ్యి వణుకుతుందా లేదా అని చూస్తారు.

వణకలేదు. మూడు బిళ్ళలు పలక మీద ఉండగానే తలుపు వేశాను. పహిల్వాన్ ముఖం సందులోంచి ఒక్క క్షణం కనిపించి పోయింది. లోపల దీపాలు ఆర్పేశారు. చక్రం బిగించి, దాని మీద చేతులు పెట్టి నిలబడ్డాను. ఒక నిమిషం. రెండు. ఇన్‌స్ట్రక్టరు నా చేతులనే చూస్తున్నాడు.

నాలుగో నిమిషంలో చక్రం చల్లబడింది. తడి బొగ్గు వాసన వచ్చింది… సముద్రం ఒడ్డున, ఇనప షెడ్డులో…

ఠంగ్… ఠంగ్… ఠంగ్.

పహిల్వాన్ అయి ఉంటాడు అనుకున్నాను. కాదని తెలుసు. జవాబుగా మూడు కొడితే చాలు. వేలి ఉంగరంతో కొట్టినా చాలు. కొట్టగానే ఇన్‌స్ట్రక్టరు జేబులోంచి ఎర్ర సిరా కలం బయటికి వస్తుంది. రెండేళ్ళ చదువు, నా ఓడ, కాక కత్తిరించిన పేపరు ముక్క, చిన్నమ్మ మోసిన నింద, అన్నీ వృథా అవుతాయి. ఇన్ని కారణాలు నా దగ్గర ఉన్నాయి. నాయిన దగ్గర కూడా ఉన్నాయి.

ఠంగ్… ఠంగ్… ఠంగ్.

నేను చేతులు తీసి వెనక్కి కట్టుకున్నాను. కాకా, కొంచెం ఆగు, అని లోపల్లోపల అనుకున్నాను. చప్పుడు ఆగి ఆగి వస్తూనే ఉంది. ఓపికగా, కోపం లేకుండా. పదకొండు నిమిషాలు అయ్యాక నీళ్ళు తోడేశారు. తలుపు తీశాను. ముగ్గురు వచ్చారు. మూడు బిళ్ళలు తీసుకున్నారు. పలక ఖాళీ అయింది. ఇన్‌స్ట్రక్టరు నా భుజం తట్టి, నీలి సిరాతో సంతకం చేశాడు.

పహిల్వాన్ దుప్పటి కప్పుకుని బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో టీ గ్లాసు ఉంది. నన్ను దగ్గరికి రమ్మని, లోపల మాతో ఉన్న పెద్దాయన స్టాఫులో ఎవరు అని హిందీలో అడిగాడు. ఎవరూ లేరన్నాను. ఉన్నాడన్నాడు. చీకట్లో తను భయపడి ఏడుస్తుంటే వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడట. గట్టి చెయ్యి, గరుకు చెయ్యి. పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడట. పదకొండు నిమిషాలు విన్నాడు కాబట్టి అది అతనికి నోటికి వచ్చేసింది. తెలుగు ఒక్క ముక్క రాని ఆ హర్యానా మనిషి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అప్పజెప్పాడు.

“బయట… మావోడే… ఉన్నడు… తీస్తడు.”

దాని అర్థం ఏమిటని అడిగాడు. నాకు తెలియదన్నాను. అతను గ్లాసు కింద పెట్టాడు. తలుపు తీసినప్పుడు ఆయన మాతో రాలేదు, ముందు మీరు వెళ్ళండని చెయ్యి ఊపాడు, ఇంకా లోపలే ఉన్నాడు అన్నాడు.

నేను లేచేసరికి ఇన్‌స్ట్రక్టరు తలుపు వేసేసి చక్రం బిగిస్తున్నాడు. మోటార్లు ఆపేశారు. షెడ్డులో పన్నెండు మందిమి ఉన్నాం. ఆ నిశ్శబ్దంలో ఇనుము మీద మూడు దెబ్బలు పడ్డాయి. ఈసారి అందరూ విన్నారు. అందరి తలలూ ఒక్కసారే అటు తిరిగాయి. ఇన్‌స్ట్రక్టరు పలక వైపు చూశాడు. పలక ఖాళీ. గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది అన్నాడు, కానీ ఆయన చెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది. ఆ పూట ఆ తలుపుకు ఆఫీసరును నేను, కాబట్టి నా వైపు తిరిగి, అంతే కదా అని అడిగాడు.

“అవును సార్,” అన్నాను.